సముద్రం చూడకుండానే మొదలైన సముద్రపు కెరీర్

బ్రాంచ్ మారాలా వద్దా అని తల పట్టుకుని కూర్చున్నారా? అయితే రేచల్ కార్సన్ కథ ఒకసారి చదవండి.

1907లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో, సముద్రానికి చాలా దూరంగా ఉండే స్ప్రింగ్‌డేల్‌లో పుట్టారామె. రచయిత్రి కావాలని కాలేజీలో ఇంగ్లిష్ తీసుకున్నారు. మధ్యలో జీవశాస్త్రం నచ్చి అటు మారిపోయారు. 1929లో వుడ్స్‌హోల్ పరిశోధనశాలకు వెళ్లాకే సముద్రాన్ని దగ్గరగా చూశారు. అప్పటికి ఆమెకు 22 ఏళ్లు.

1932లో జంతుశాస్త్రంలో మాస్టర్స్ పూర్తయింది. పీహెచ్‌డీ మాత్రం డబ్బుల్లేక ఆగిపోయింది. 1935లో తండ్రి పోయారు, ఇల్లు ఆమె మీద పడింది. ప్రభుత్వ మత్స్యశాఖకు చేపల మీద రేడియో స్క్రిప్టులు రాసి, పోటీ పరీక్ష పాసై, 1936లో అక్కడే ఉద్యోగంలో చేరారు. వదిలేశాననుకున్న రచనే అన్నం పెట్టింది చూశారా!

1941లో వచ్చిన మొదటి పుస్తకం యుద్ధం హడావిడిలో ఎవరికీ పట్టలేదు. పదేళ్ల తర్వాత, 1951లో, 'ది సీ అరౌండ్ అస్' వచ్చింది. 86 వారాలు బెస్ట్‌సెల్లర్ జాబితాలో నిలిచింది. సముద్రం వేడిని దాచుకుని భూమి వాతావరణాన్ని ఎలా అదుపులో ఉంచుతుందో, ఉత్తర ధ్రువ ప్రాంతం ఎలా వేడెక్కుతోందో అందులో వివరించారు. కారణం విషయంలో ఆమె సహజ చక్రాల వైపే మొగ్గారు. గాలిలో కార్బన్ డయాక్సైడ్‌ను కీలింగ్ వరసగా కొలవడం మొదలైంది 1958లోనే కదా! మార్పును గమనించి జనానికి అర్థమయ్యేలా చెప్పడం మాత్రం ఆమె ఆపలేదు. 1961 ఎడిషన్‌కు రాసిన ముందుమాటలో, అణువ్యర్థాలను సముద్రంలో పారబోయడం మీద గట్టిగా హెచ్చరించారు.

1962లో పురుగుమందుల మీద 'సైలెంట్ స్ప్రింగ్' రాసినప్పుడు రసాయన కంపెనీలు విరుచుకుపడ్డాయి. అప్పటికే ఆమెకు రొమ్ము క్యాన్సర్. ఆ సంగతి బయటపెట్టకుండానే 1963లో సెనేట్ కమిటీ ముందు మాట్లాడారు. 1964లో, 56 ఏళ్లకే కన్నుమూశారు.

మనం పెంచిన వేడిలో 90 శాతానికి పైగా ఇప్పుడు సముద్రమే మింగుతోంది. దాన్ని కొలవడానికి, లెక్కలు కట్టడానికి, జనానికి చెప్పడానికి మనుషులు కావాలి. తీరంలో పుట్టలేదే అనుకోకండి. సునామీ హెచ్చరికలు, మత్స్యకారులకు చేపల జాడ చెప్పే ఇన్‌కాయిస్ ఉన్నది సముద్రమే లేని మన హైదరాబాద్‌లో! కోడ్ రాయడం వచ్చా? మాట చెప్పడం వచ్చా? రెండిటికీ అక్కడ పని ఉంది.