చార్లెస్ బెల్

సర్ చార్లెస్ బెల్ (నవంబర్ 12, 1774 - ఏప్రిల్ 28, 1842) స్కాట్లాండుకు చెందిన సుప్రసిద్ధ శస్త్రవైద్యుడు, శరీర నిర్మాణ శాస్త్రవేత్త, చిత్రకారుడు. ముఖంలో ఒక పక్క కండరములు హఠాత్తుగా చచ్చుబడే వ్యాధికి ఈయన పేరు మీదనే బెల్స్ పాల్సీ అని పేరు వచ్చింది.

జీవితం

ఈయన ఎడింబరోలో ఒక క్రైస్తవ మతాచార్యుని కుమారుడు. బాల్యంలోనే తండ్రి మరణించగా తల్లి వద్ద చదువు నేర్చాడు. శరీర శాస్త్రంలో అన్న జాన్ బెల్ గురువు. 1804లో లండను చేరి, 1806లో చిత్రకారుల కొరకు ముఖకవళికల శరీర శాస్త్రంపై సచిత్ర గ్రంథం వెలువరించాడు. ముఖంపై ఈయనకు గల ఆసక్తి ఆనాటిదే. 1815లో వాటర్లూ క్షతగాత్రులకు బ్రస్సెల్సులో శస్త్రచికిత్సలు చేసి, వారి గాయాలను బొమ్మలుగా చిత్రించాడు. 1836లో ఎడింబరోలో శస్త్రవైద్య ఆచార్యుడయ్యాడు.

ముఖనాడి పరిశోధన

ముఖ కండరములను కదిలించేది ఏడవ కపాలనాడి అని 1821లో రాయల్ సొసైటీకి సమర్పించిన పత్రంలో వివరించాడు. ఐదవ నాడి విషయంలో కొంత పొరబడ్డాడు, దానిని తరువాతివారు సరిదిద్దారు. వెన్నునాడుల విషయమై ఫ్రాన్సుకు చెందిన మజాందీతో ఏర్పడిన ఘనతా వివాదం చాలాకాలం సాగింది. నిజానికి ముఖపు చచ్చుదనాన్ని మొదట వర్ణించినది బెల్ కాదు, 10వ శతాబ్దంలోనే పారశీక వైద్యుడు అల్ రాజీ దీనిని గుర్తించాడు. అయితే కారణం నాడిలో ఉందని స్పష్టపరచినందున బెల్ పేరే నిలిచింది.

వ్యాధి, చికిత్స

ఈ వ్యాధిలో మూతి ఒక పక్కకు లాగుతుంది, రెండవ పక్క కన్ను మూతపడదు, నుదుట ముడతలు పడవు. మెదడుకు సంబంధించిన పక్షవాతంలో సాధారణంగా నుదురు కదులుతుంది. ఈ భేదాన్ని వైద్యుడే నిర్ధారించవలెను.

బెల్ కాలంలో దీనికి నమ్మదగిన మందు లేదు. ఆ లోటు తీర్చిన ప్రయోగం ఈయన స్వదేశంలోనే జరగడం విశేషం. 2007లో ప్రచురితమైన స్కాట్లాండు పరిశోధనలో, వ్యాధి సోకిన 72 గంటలలోపు ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మొదలుపెట్టినవారిలో తొమ్మిది నెలలకు 94.4 శాతం మంది పూర్తిగా కోలుకొన్నారు. అది తీసుకోనివారిలో 81.6 శాతమే. హెర్పిస్ వైరస్ కారణమన్న అనుమానంతో ఇచ్చిన ఎసైక్లోవిర్ ఒక్కటే వాడితే ప్రయోజనం కనబడలేదు. స్టెరాయిడ్‌తో కలిపి ఇస్తే స్వల్పంగా అదనపు మేలు ఉండవచ్చు.

ప్రెడ్నిసొలోన్ ఖరీదైన మందు కాదు. నూజివీడు మామిడి ప్రాంతంలోని చింతలపూడి వంటి ఊరివారికైనా అడ్డు వచ్చేది మందు ధర కాదు, గాలి సోకిందనుకొని నాటువైద్యంతో గడిపే మొదటి మూడు రోజులే. మధుమేహం ఉన్నవారికి స్టెరాయిడ్ చక్కెరను పెంచుతుంది గనుక సొంతంగా వాడరాదు. కన్ను ఎండిపోకుండా చుక్కలమందు వేసి, రాత్రివేళ కప్పి ఉంచాలి.