శ్రామిక బంధువు వి.వి. గిరి

ఖాజాగూడ గుట్టపై నిలుచుండి చూచినచో ఒకవైపు యుగాల నాటి రాతిబండలు, వాటి దాపున పెద్దచెరువు కనబడతాయి. మరొకవైపు రాయదుర్గం, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడల అద్దాల మేడలు. ఒకనాడు చిన్న గ్రామమైన ఈ తావు చుట్టూ నేడు రాత్రింబవళ్ళ భేదం లేకుండా యువతీయువకులు వేలాదిగా పనిచేస్తున్నారు. వారిలో నా పూర్వ విద్యార్థి ఒకడున్నాడు. తనను ఒక పని నుండి తప్పించిన సంగతి అర్ధరాత్రి వచ్చిన ఈమెయిలు చూచి తెలుసుకున్నాననీ, తప్పించినందుకు కాదు గాని పిలిచి ఒక్క మాటైనా అడగనందుకు మనసు నొచ్చిందనీ అతడు నాతో చెప్పాడు. అది విన్నప్పుడు నాకు వరాహగిరి వేంకటగిరి జ్ఞప్తికి వచ్చారు. భారత రాష్ట్రపతిగా ఆయన పేరు మీరందరూ విన్నదే. పనిచేసేవారూ చేయించేవారూ ఎదురెదురుగా కూర్చుండి మాట్లాడుకోవాలన్న ఒక్క విషయానికై ఆయన దశాబ్దాల పాటు శ్రమించారన్న సంగతి మాత్రం అంతగా ప్రచారంలో లేదు.

గిరి 1894 ఆగస్టు 10న గంజాం జిల్లా బరంపురంలో జన్మించారు. నేడు ఒడిశాలో ఉన్న ఆ పట్టణం అప్పుడు మద్రాసు రాజధానిలోనిది. తండ్రి జోగయ్య పంతులు పేరొందిన న్యాయవాది. తల్లి సుభద్రమ్మ ఇల్లు దాటి వచ్చి జాతీయోద్యమంలో పాల్గొన్న ధీరురాలు.

న్యాయశాస్త్రం చదవడానికి గిరి 1913లో ఐర్లండు రాజధాని డబ్లిన్ చేరారు. సరిగా ఆ సంవత్సరమే ఆ నగరంలో ఒక మహాసంఘర్షణ చెలరేగింది. కార్మిక సంఘంలో చేరబోమని వ్రాసి ఇచ్చినవారికే పని ఇస్తామని యజమానులు పట్టుబట్టారు. ఇరవై వేల మంది వరకు కార్మికులు నెలల తరబడి పనికి దూరమై ఆకలితో అలమటించారు. చివరకు 1914 ఆరంభంలో ఓడిపోయి తిరిగి పనిలో చేరారు. ఆ పోరాట నాయకులలో ఒకరైన జేమ్స్ కానలీ ప్రభావం గిరిపై గాఢంగా పడింది. 1916లో ఐరిష్ దేశభక్తులు తిరుగుబాటు చేయగా ఆంగ్ల ప్రభుత్వం కానలీకి మరణదండన విధించింది. తిరుగుబాటుదారులతో సంబంధాలున్నాయన్న అనుమానంతో గిరిని దేశం విడిచి పొమ్మన్నది. న్యాయవాది కావడానికి వెళ్ళిన యువకుడు శ్రామిక పక్షపాతియై తిరిగివచ్చాడు.

బరంపురంలో ఆయన న్యాయవాద వృత్తి బాగానే సాగింది. కాని గాంధీజీ పిలుపు విని దానిని వదలుకున్నారు. 1922లో మద్యం దుకాణాల ఎదుట నిరసన తెలిపి కారాగారం పాలయ్యారు. ఆ తరువాత ఆయన దృష్టి రైల్వే కార్మికుల వైపు మళ్ళింది. అఖిల భారత రైల్వే కార్మికుల సమాఖ్య స్థాపకులలో ఆయన ఒకరు. పది సంవత్సరాలకు పైగా దానికి ప్రధాన కార్యదర్శిగా ఉన్నారు.

ఆనాడు బెంగాల్ నాగపూర్ రైల్వే బరంపురం మీదుగా వాల్తేరు వరకు వచ్చేది. దాని పెద్ద కర్మాగారం ఖరగ్‌పూర్‌లో ఉండేది. బ్రతుకుతెరువు వెదుక్కుంటూ తెలుగునాటి నుండి అక్కడికి వెళ్ళి స్థిరపడినవారు అనేకులు. ఆ కుటుంబాల వారు నేటికీ ఆ పట్టణంలో తెలుగు మాట్లాడుతూనే ఉన్నారు. ఖర్చు తగ్గించుకొనే నెపంతో కంపెనీ కార్మికులను పెద్దయెత్తున తొలగించగా వారి పక్షాన గిరి నిలిచారు. ఆయన నాయకత్వాన 1928లో జరిగిన సమ్మె ఆద్యంతం అహింసాయుతంగా సాగింది. ఉద్యోగం పోయినవాని కోసం ఉద్యోగం ఉన్నవాడు తన జీతాన్ని వదలుకొని వీథికెక్కడం సామాన్య విషయం కాదు. అంతటి ఆగ్రహాన్ని కట్టుతప్పకుండా నడిపించడం అంతకంటె కష్టం. తుదకు ప్రభుత్వమూ కంపెనీ యాజమాన్యమూ దిగివచ్చి కార్మికుల కోరికలను అంగీకరించాయి. భారత కార్మికోద్యమ చరిత్రలో దానినొక మైలురాయిగా పరిగణిస్తారు.

అంతమాత్రాన సమ్మెయే ఆయన ఆయుధమని అనుకోరాదు. 1929లో కార్మికుల స్థితిగతుల విచారణకు ఆంగ్ల ప్రభుత్వం ఒక రాయల్ కమిషన్‌ను నియమించినప్పుడు దానిని బహిష్కరించాలని తీవ్రవాదులు పట్టుబట్టారు. కార్మికుల గోడు వినిపించే ఏ అవకాశాన్నీ వదలరాదన్నది గిరి, ఎన్.ఎం. జోషీ మొదలైనవారి పక్షం. సంఘం రెండుగా చీలింది. పరాయి ప్రభుత్వంతో చేతులు కలిపారన్న నింద ఆయనకు తప్పలేదు. చీలిక వలన కార్మికోద్యమం బలహీనపడిన మాట కూడా నిజమే. అయినా మాట్లాడే తలుపు మూయరాదన్న పట్టు ఆయన విడువలేదు.

1937 ఎన్నికలలో బొబ్బిలి రాజావారిని వారి గడ్డపైనే ఓడించి గిరి రాజాజీ మంత్రివర్గంలో కార్మిక, పరిశ్రమల శాఖల మంత్రి అయ్యారు. క్విట్ ఇండియా కాలంలో మళ్ళీ చెరసాల, స్వాతంత్ర్యానంతరం సింహళంలో హైకమిషనర్ పదవి. 1952లో పాతపట్నం నుండి లోక్‌సభకు ఎన్నికై నెహ్రూ ప్రభుత్వంలో కేంద్ర కార్మికమంత్రి పదవి స్వీకరించారు. ఆయన జీవితంలో అసలు పరీక్ష అక్కడ ఎదురైంది.

1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం తగవు వచ్చినప్పుడు ప్రభుత్వం దానిని ట్రిబ్యునల్‌కు పంపగలిగేది. దాని తీర్పు ఇరుపక్షాలకూ శిరోధార్యంగా ఉండేది. పైకి ఇది చక్కని ఏర్పాటే. అయితే కోర్టులో ఒకరు గెలవాలి, ఒకరు ఓడాలి. ఓడినవాడూ గెలిచినవాడూ మరునాడు అదే కర్మాగారంలో ప్రక్కప్రక్కన పనిచేయాలి. పైగా వ్యాజ్యం సాగినంతకాలం అసలు మనుష్యులు మౌనంగా ఉంటారు, వకీళ్ళు మాట్లాడుతారు. స్వయంగా వకీలైన గిరికి ఈ లోపం బాగా తెలుసు. అందుచేత యాజమాన్యం సంఘాన్ని గుర్తించాలనీ, ఇరువురూ ముందు తమలో తాము పరిష్కారం వెదకాలనీ, బలవంతపు తీర్పు గత్యంతరం లేనప్పుడే రావాలనీ ఆయన వాదించారు. 1952లో నైనితాల్‌లో జరిగిన భారత కార్మిక సమావేశంలో ఈ విషయమై విపులంగా చర్చ జరిగింది. దీనికి గిరి విధానమన్న పేరే స్థిరపడింది. యజమానులలో పలువురికి ఇది రుచించలేదు. విచిత్రమేమంటే కార్మిక సంఘాలలో కూడ కొన్ని దీనిని వ్యతిరేకించాయి. బలం లేని సంఘానికి ట్రిబ్యునలే దిక్కు కదా అని వాటి భయం. ఆ భయం నిరాధారమని నేననలేను.

ఇంతలో బ్యాంకు ఉద్యోగుల వివాదం ముదిరింది. అప్పీలు ట్రిబ్యునల్ 1954లో ఇచ్చిన తీర్పును ప్రభుత్వం ఉద్యోగులకు నష్టం కలిగేటట్లు సవరించింది. సభాపర్వంలో నారదుడు ధర్మరాజును కుశలమడుగుతూ, సైనికులకు జీతాలు తగినట్లుగా, సకాలంలో అందుతున్నాయా అని కూడ అడుగుతాడు. రాజధర్మంలో అదొక ప్రధానాంశం. తీర్పు నచ్చినా నచ్చకపోయినా అమలు చేయవలసిన ప్రభుత్వమే దానిని మార్చితే, ఇక కార్మికుడు ఎవరి మాట నమ్మాలి? గిరి మంత్రి పదవికి రాజీనామా ఇచ్చారు. తరువాత ప్రభుత్వం గజేంద్రగడ్కర్ కమిషన్ చేత విచారణ జరిపించి, దాని సిఫారసులను అనుసరించి 1955లో చట్టం చేసింది.

అటుపై ఆయన ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు రాష్ట్రాలకు గవర్నరుగా, 1967 నుండి ఉపరాష్ట్రపతిగా పనిచేశారు. 1969 మే నెలలో జాకీర్ హుసేన్ మరణించగా తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. ఎన్నికలలో పోటీకై ఆ పదవిని వదలడానికి ముందు ఆయన జారీ చేసిన ఆర్డినెన్సు 14 బ్యాంకులను జాతీయం చేసింది. బ్యాంకు ఉద్యోగుల కోసం పదవి వదలిన మనిషి చేతనే ఆ పని జరగడం కాలం చేసిన చమత్కారం. స్వతంత్ర అభ్యర్థిగా గెలిచి 1969 ఆగస్టు 24న రాష్ట్రపతి పదవి చేపట్టారు.

కాలం మరొకటి కూడ చేసింది. 1974 మే నెలలో దేశవ్యాప్తంగా రైల్వే కార్మికులు సమ్మెకు దిగారు. దానికి ముందు నిలిచింది గిరి స్థాపకులలో ఒకరైన ఆ రైల్వే సమాఖ్యయే. అప్పటి దాని అధ్యక్షుడు జార్జి ఫెర్నాండెజ్. ప్రభుత్వం వేలాది మందిని నిర్బంధించింది. ఉద్యోగాలు ఊడబెరికింది, ఇళ్ళు ఖాళీ చేయించింది. ఇరవై రోజులకు సమ్మె విరిగిపోయింది. ఖరగ్‌పూర్ కార్మికులను గెలిపించిన గిరి అప్పుడు రాష్ట్రపతి భవనంలో ఉన్నారు. మంత్రిమండలి సలహాకు లోబడి నడచుకోవలసిన పదవి అది. మంత్రిగా ఒకనాడు రాజీనామా ఇచ్చిన ఆయన, రాష్ట్రపతిగా ఇవ్వలేదు. పదవీకాలం ముగియడానికి అప్పటికి మూడు నెలలే ఉన్నది. దీనిని చరిత్రకారులు పలువిధాల చూస్తారు. మీరు కూడ ఆలోచించి చూడండి.

1975లో భారతరత్న బిరుదు గిరిని వరించింది. 1980 జూన్‌లో మద్రాసులో ఆయన కన్నుమూశారు. ఆయన పదవి నుండి దిగిన సంవత్సరమే ఏర్పడిన జాతీయ కార్మిక అధ్యయన సంస్థ 1995 నుండి ఆయన పేరుతో నడుస్తున్నది. పని, వేతనం, యాజమాన్య సంబంధాల గురించి పరిశోధించదలచినవారు నేడు నోయిడాలోని ఆ సంస్థకు వెళుతుంటారు.