జాడలు తీసిన ఆరుద్ర

అపరాధ పరిశోధక నవల అనగానే మన పెద్దల నొసలు ముడిపడుతుంది. పాఠ్యపుస్తకం నడుమ అట్టి నవలను దాచుకొని చదువుతూ పట్టుబడిన విద్యార్థి బెంచీ ఎక్కి నిలబడతాడు. నవల ఉపాధ్యాయుని సొరుగులోనికి పోతుంది. ఈ శిక్ష విధించే ముందు ఉపాధ్యాయ మిత్రులు ఒక జీవితాన్ని జ్ఞప్తికి తెచ్చుకోవలసి ఉన్నది. అది ఆరుద్రగారి జీవితం.

భాగవతుల సదాశివ శంకర శాస్త్రి 1925 ఆగస్టు 31వ తేదీన విశాఖపట్నంలో జన్మించారు. శ్రీశ్రీకి మేనల్లుని వరుస. ఒక నక్షత్రం పేరు ఆయన కలం పేరయింది. 1942లో కాలేజీ చదువు నిమిత్తం విజయనగరం చేరినప్పుడు రోణంకి అప్పలస్వామి, చాగంటి సోమయాజులుగార్ల సాహచర్యం లభించింది. చదువు మాత్రం పూర్తి కాలేదు. మరుసటి ఏడు వైమానిక దళపు బ్యాండు మేళంలో చేరి, 1947 వరకు ఆ కొలువులో ఉన్నారు. పిమ్మట మద్రాసు చేరి ఆనందవాణి పత్రికకు సంపాదకత్వం వహించారు. చేతిలో విశ్వవిద్యాలయ పట్టం లేదు, కలమే జీవనాధారం.

1949లో వెలువడిన త్వమేవాహం ఆయనను కవిగా నిలబెట్టింది. తెలంగాణలో రజాకార్లు సాగించిన దురాగతాలే ఆ కావ్యానికి ప్రేరణ. అంతకు కొద్ది కాలం క్రితం వరకు టేకులపల్లి, ఇల్లెందు అడవులు నిజాం ఏలుబడిలోనివి. గోదావరికి ఆవలనున్న భద్రాచలం మద్రాసు రాష్ట్రంలోనిది. సముద్రతీరాన పుట్టిన యువకుడు ఈ సరిహద్దులేవీ ఎంచక, తెలంగాణ జనుల వేదనను తనదిగా చేసుకొని వ్రాశారు.

అంతటి గంభీరమైన కావ్యం వ్రాసిన చేతితోనే ఆయన పలకల వెండి గ్లాసు అనే అపరాధ పరిశోధక నవల కూడా వ్రాశారు. 1950, 60 దశకాలలో ఇట్టి నవలలకు తెలుగునాట గిరాకీ మెండు. కొమ్మూరి సాంబశివరావుగారు సృష్టించిన డిటెక్టివు యుగంధర్ ఆ తరం పాఠకులకు ఇంటిమనిషి వంటివాడు. ఆరుద్రగారు సినిమా పాటలు వ్రాశారు, చదరంగం మీద పుస్తకం వ్రాశారు. ఇవన్నీ పొట్టకూటి పనులని, కాలక్షేపమని కొట్టివేయడం సులభం. కాని ఆ తరువాత ఆయన చేసిన పని చూచినవారు అలా అనలేరు.

టేకు చెట్టు పేరునే తన పేరులో నిలుపుకొన్న టేకులపల్లి వంటి అడవి అంచు గ్రామంలో పెరిగిన పిల్లవానికి జాడ తీయడం అంటే ఏమిటో ఒకరు చెప్పనక్కరలేదు. మెత్తని నేల మీది అడుగు, విరిగిన రెమ్మ, నలిగిన గడ్డి చూచి ఏ జంతువు ఎటు పోయినదో గ్రహించేవారిని అతడు ఎరుగును. అపరాధ పరిశోధకుడు చేసే పనీ అదే. సాహిత్య చరిత్రకారుడు చేసే పనీ అదే. నన్నయగారు తాము పుట్టిన తేదీ వ్రాసి పెట్టలేదు. రాజరాజనరేంద్రుని పాలనాకాలాన్నీ, 1053 నాటి నందంపూడి శాసనాన్నీ కలిపి చూస్తేనే ఆయన కాలం మనకు తెలుస్తున్నది.

ఆరుద్రగారు 1965లో సమగ్ర ఆంధ్ర సాహిత్యం వెలువరించ మొదలిడి, పన్నెండు సంపుటాలుగా తెచ్చారు. కవుల కాలాలనూ, కర్తృత్వ వివాదాలనూ, రాజుల చరిత్రలనూ సాక్ష్యాలతో తూచి, చదివించే తెలుగులో చెప్పారు. సంస్థలు పూనుకోవలసిన పనిని పట్టం లేని ఒక్క మనిషి తలకెత్తుకొన్నారు.

రామాయణమంతా విని రామునికి సీత ఏమవుతుందని అడిగిన మూఢుని సామెత మనకున్నది. అందరూ నవ్వి విడిచిన ఆ ప్రశ్ననే ఆయన నిజమైన ప్రశ్నగా స్వీకరించి, రాముడికి సీత ఏమవుతుంది అనే గ్రంథం వ్రాశారు. బౌద్ధుల దశరథ జాతకంలో సీత రాముని సోదరి. కొన్ని జైన రామకథలలో ఆమె రావణుని కుమార్తె. ఇట్టి భిన్న కథలను సాక్షులవలె పిలిచి విచారించారు. ఏటేటా సీతారామ కల్యాణం కన్నులారా చూచే భద్రాచల ప్రాంతీయులు ఆ పుస్తకం చదివి కలవరపడనక్కరలేదు. భక్తి ఒకటి, కథల పుట్టుపూర్వోత్తరాల విచారణ మరొకటి.

ఊరిలో వస్తువు పోతే మొదటి అనుమానం పేదవాని మీదికి, పరాయివాని మీదికి పోతుంది. మంచి అపరాధ పరిశోధక నవలలో ఆ అనుమానమే తొలుత వీగిపోతుంది. రుజువు దొరికిన పిమ్మటనే దోషి పేరు బయటపడుతుంది. పదిమంది అన్నమాటను నిజమని నమ్మరాదనే ఈ పాఠం నీతిపద్యం కంటె గట్టిగా మనసుకు పడుతుంది. అయితే రక్తపాతాన్ని రుచిగా వర్ణించేవీ, చివరకు కాకతాళీయంగా చిక్కు విడిపోయేవీ ఈ మెప్పునకు తగవు. వాటిని ప్రక్కన పెట్టి, కానన్ డాయల్ వ్రాసిన షెర్లాక్ హోమ్స్ కథలు, యుగంధర్ నవలలు, పలకల వెండి గ్లాసు పిల్లలకు ఇవ్వవచ్చును.

ఇవ్వడంలో ఒక పద్ధతి కూడా ఉన్నది. చివరి ప్రకరణం మినహా కథనంతా తరగతిలో చదివి వినిపించండి. దోషి ఎవరో, అందుకు మూడు ఆధారాలేమిటో ప్రతి విద్యార్థినీ వ్రాయమనండి. ఆ తరువాతనే చివరి ప్రకరణం విప్పండి. ఊహకూ రుజువుకూ గల భేదం ఆ ఒక్క గంటలో తెలిసివస్తుంది.

గురజాడ గురుపీఠం గ్రంథానికి 1987లో సాహిత్య అకాడమీ బహుమానం అందుకొన్న ఆరుద్రగారు 1998 జూన్ 4వ తేదీన కన్నుమూశారు. పాఠం చాటున నవల చదివే కుర్రవాడు ఈసారి పట్టుబడినప్పుడు, పుస్తకం లాగుకొనే ముందు, హంతకుడెవరని అతడు అనుకొంటున్నాడో, ఎందుకో అడిగి చూడండి. కారణం సరిగా చెప్పగలిగితే పుస్తకం తిరిగి ఇచ్చివేయండి.