225 అనే అంకె కోసం నాలుగేళ్ళు

బైలదిల్లా కొండల్లో తవ్విన ఇనుప ఖనిజం కొత్తవలస–కిరండోల్ రైలు లైను మీదుగా విశాఖపట్నం చేరుతుంది. ఆ ఎర్రరాయిలో ఇనుము ఎంత ఉంటుంది? మలినాలేవీ లేని హెమటైట్ అయితే నూటికి 70 పాళ్ళు. ఇది ఉజ్జాయింపు లెక్క కాదు. ఇనుము పరమాణు భారం 56, ఆక్సిజన్‌ది 16. హెమటైట్‌లో ఇనుము పరమాణువులు రెండుంటే ఆక్సిజన్‌వి మూడు. అంటే 112కి 48. మొత్తం 160లో 112 ఇనుమే అన్నమాట. కొండల్లోని రాయి నుంచి ఉక్కు ఫ్యాక్టరీ కొలిమి దాకా అందరూ నమ్ముకునేది ఈ అంకెలనే.

ఇంతకీ కంటికి కనిపించని పరమాణువును ఏ త్రాసులో పెట్టి తూచారు? ఎవరూ తూచలేదు. ఒకదానితో ఒకటి పోల్చారంతే. కార్బన్ పరమాణువుల్లో ఒక రకాన్ని 12 అనుకుని, దానితో పోలిస్తే మిగతావి ఎన్ని రెట్లో చెబుతారు. అందుకే పుస్తకాల్లో దీన్ని సాపేక్ష పరమాణు ద్రవ్యరాశి అంటారు. మన పిల్లలు పరీక్ష ముందు రోజు బట్టీ పట్టే ఆ అంకెల్లో ఒకదాని కోసం ఓ ఇల్లాలు చంటిపిల్లను పెంచుకుంటూ నాలుగేళ్ళు చాకిరీ చేసింది. ఆమే మేరీ క్యూరీ.

మేరీ 1867 నవంబరు 7న పోలండ్‌లోని వార్సాలో పుట్టింది. పదేళ్ళ వయసులోనే తల్లి పోయింది. రష్యా ఏలుబడిలో ఉన్న ఆ ఊళ్ళో ఆడపిల్లలకు యూనివర్సిటీలో చోటు లేదు. అక్క బ్రోనియా, తను ఒక ఒప్పందం చేసుకున్నారు. ముందు అక్క పారిస్ వెళ్ళి డాక్టరీ చదవాలి, చెల్లెలు సంపాదించి పంపాలి. తర్వాత చెల్లెలి వంతు. అలా మేరీ కలవారి ఇళ్ళలో ఉండి పిల్లలకు చదువు చెప్పింది. 1891లో పారిస్ చేరేనాటికి ఆమెకు 24 ఏళ్ళు. 1893లో భౌతికశాస్త్రం డిగ్రీలో మొదటి స్థానం, మరుసటి ఏడు గణితంలో రెండో స్థానం తెచ్చుకుంది. 1895లో శాస్త్రవేత్త పియరీ క్యూరీని పెళ్ళాడింది. 1897లో పెద్దమ్మాయి ఐరీన్ పుట్టింది. అత్తగారు కాలం చేయడంతో మామగారు కొడుకు దగ్గరికి వచ్చేసి మనవరాలిని చూసుకున్నారు. ఆ ఆసరాతోనే మేరీ పరిశోధనకు దిగింది.

యురేనియం కిరణాలు విడుస్తుందని అప్పటికే తెలుసు. థోరియం కూడా విడుస్తుందని 1898లో కనిపెట్టినవారిలో మేరీ ఒకరు. మన భీమిలి తీరపు ఇసుకలో దొరికే మోనజైట్‌లో ఉండేది ఈ థోరియమే. అయితే పిచ్‌బ్లెండ్ అనే యురేనియం ఖనిజం ఆమెను ఆశ్చర్యపరిచింది. అందులోని యురేనియం లెక్కకు మించి కిరణాలు వస్తున్నాయి. అంటే ఇంకేదో దాగి ఉంది. ఆ ఏడాదే భార్యాభర్తలు రెండు కొత్త మూలకాలను ప్రకటించారు. ఒకదానికి మేరీ తన పుట్టింటి దేశం పేరు మీద పొలోనియం అని పేరు పెట్టింది. రెండోది రేడియం.

రసాయన శాస్త్రవేత్తలు ఒక పట్టాన ఒప్పుకోలేదు. కిరణాలు కాదు, పదార్థం చూపించమన్నారు. కొత్త మూలకమైతే దానికంటూ ఒక పరమాణు భారం ఉండాలి కదా! ఆ అడగడంలో న్యాయం ఉంది.

బొహీమియా గనుల దగ్గర పారేసిన ఖనిజపు పిప్పిని టన్నుల లెక్కన తెప్పించారు. వాన వస్తే కారే పాత షెడ్డే ప్రయోగశాల. పియరీ కిరణాల స్వభావం మీద దృష్టి పెడితే, రేడియాన్ని వేరుచేసే పని మేరీ తీసుకుంది. ఒక్కో విడతకు 20 కిలోల సరుకు మరిగిస్తూ, దాదాపు తనంత ఎత్తున్న ఇనుప కడ్డీతో కలిపేది. చివరికి రేడియం, బేరియం కలిసిపోయిన ఉప్పు మిగిలింది. కరిగించి చల్లారిస్తే ముందుగా కట్టే పలుకుల్లో రేడియం పాలు కాస్త ఎక్కువ. ఆ పలుకులను మళ్ళీ కరిగించడం, మళ్ళీ పలుకు కట్టించడం... ఇలా వేలసార్లు. 1902 నాటికి చేతికొచ్చింది గ్రాములో పదోవంతు రేడియం క్లోరైడ్.

ఇక తూకం. ఒక సంచిలో ఒక కొబ్బరికాయ, రెండు అరటిపళ్ళు ఉన్నాయనుకోండి. సంచి బరువు, పళ్ళ బరువు తెలిస్తే కొబ్బరికాయ బరువు తెలిసిపోతుంది. ఇదీ అంతే. బేరియం లాగే రేడియం కూడా రెండు క్లోరిన్ పరమాణువులతో కలుస్తుంది. క్లోరిన్ భారం 35.5 అని తెలుసు. రెండింటికి 71. మేరీ ఆ ఉప్పును బాగా ఆరబెట్టి తూచింది. నీళ్ళలో కరిగించి సిల్వర్ నైట్రేట్ కలిపితే క్లోరిన్ అంతా తెల్లటి సిల్వర్ క్లోరైడ్‌గా అడుగుకు దిగింది. దాన్ని వడగట్టి, ఆరబెట్టి తూచింది. క్లోరిన్ ఎంతో తేలింది, మిగిలినది రేడియం. 71 పాళ్ళ క్లోరిన్‌కు రేడియం 225 పాళ్ళు! బేరియం అయితే 137 దగ్గర ఆగిపోవాలి. అనుమానానికి తావు లేకుండా పోయింది.

మరుసటి ఏడు భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి ఇవ్వాలనుకున్నప్పుడు మొదట మేరీ పేరే లేదు. సంగతి తెలిసి పియరీ పట్టుబట్టడంతో ఆమెనూ చేర్చారు. బెక్వరెల్‌తో కలిపి ముగ్గురికీ ఇచ్చారు. 1904లో రెండో అమ్మాయి ఈవ్ పుట్టింది. 1906 ఏప్రిల్ 19న పియరీ గుర్రపుబండి కింద పడి చనిపోయాడు. ఆయన ఉద్యోగం మేరీకి ఇచ్చారు. అలా సోర్బాన్‌లో పాఠం చెప్పిన మొదటి మహిళ అయింది.

ఆ ఏడాదే లార్డ్ కెల్విన్ అంతటి పెద్దాయన రేడియం మూలకమే కాదని, సీసం, హీలియం కలిసిన సమ్మేళనం కావచ్చని పత్రికకెక్కాడు. ఇప్పుడు వెనక పియరీ లేడు. మేరీ పత్రికల్లో వాదనకు దిగలేదు, త్రాసు దగ్గరికి వెళ్ళింది. ఈసారి 0.4 గ్రాముల ఉప్పును ఇంకా శుద్ధి చేసి, 1907లో 226.45 అని తేల్చింది. 1910లో దెబియెర్న్‌తో కలిసి రేడియం లోహాన్నే వేరుచేసి చూపింది.

1911 జనవరిలో ఫ్రెంచ్ సైన్స్ అకాడమీ ఎన్నికలో ఆమె ఓడిపోయింది. అదే ఏడాది చివర్లో రసాయనశాస్త్రంలో నోబెల్ వచ్చింది. ఈ బహుమతిలో ఇంకెవరికీ వాటా లేదు. ఆడది చేసిన పని అని, భర్త గొప్పతనమని తీసిపారేయడానికి మాటలు పనికొస్తాయేమో గానీ, తూకం ముందు అవి నిలబడవు కదా!

ఏళ్ళ తరబడి కిరణాల మధ్య పనిచేసిన ఫలితం ఒంటికి తగిలింది. రక్తం తయారుకాని జబ్బుతో 1934 జులై 4న కన్నుమూసింది. 1995లో ఆమె అస్థికలను పారిస్‌లోని పాంథియన్‌కు చేర్చారు. సొంత ఘనతతో అక్కడ చోటు పొందిన మొదటి మహిళ ఆమే.

మీ అమ్మాయి రసాయనశాస్త్రం పుస్తకం తెరిచినప్పుడు ఆవర్తన పట్టికలో 88వ గడి చూపించమనండి. రేడియం, 226. ఆ అంకె వెనక ఉన్న కథ ఇప్పుడు మీరే చెప్పొచ్చు.