స్టార్టు కాని ఇంజను: రుడాల్ఫ్ డీజిల్ జీవిత కథ

డీజిల్ అనగానే మనకు పెట్రోలు బంకు గుర్తుకొస్తుంది. అది ఒక మనిషి ఇంటిపేరు అని మన హాస్టల్లో చాలామందికి తెలియదు. మన నెల్లూరు కోస్తాలో ఆ పేరు పలకని ఇల్లు ఉండదు. ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, విడవలూరు వైపు రొయ్యల గుంటల మీద జనరేటర్లు, సముద్రంలోకి పోయే బోట్లు, వరికోత మిషన్లు, కృష్ణపట్నం పోర్టుకు వెళ్ళే లారీలు అన్నీ ఆయన కనిపెట్టిన పద్ధతిలో నడిచేవే. ఇంత పేరున్న ఆ ఇంజను మొట్టమొదటి రోజున తిరిగింది గాని స్టార్టు కాలేదు. నాకు ఆయన జీవితంలో అన్నిటికంటే నచ్చిన భాగం అదే.

రుడాల్ఫ్ డీజిల్ 1858 మార్చి 18న పారిస్ నగరంలో జన్మించాడు. తల్లిదండ్రులు జర్మన్లు. తండ్రి థియోడర్ పుస్తకాలకు బైండింగు చేసేవాడు, తోలు సామాన్లు తయారు చేసేవాడు. పిల్లవాడు ఆ సరుకును తోపుడుబండి మీద ఇళ్ళకు చేర్చేవాడు. 1870లో ఫ్రాన్సుకు, జర్మన్లకు యుద్ధం రావడంతో ఆ కుటుంబం కట్టుబట్టలతో లండన్ చేరింది. అక్కడా బతుకుతెరువు కష్టమే. పన్నెండేళ్ళ రుడాల్ఫ్‌ను ఒంటరిగా జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌కు, బంధువుల ఇంటికి పంపారు. ఆ ఇంటాయన లెక్కల మాస్టారు. అమ్మానాన్నలకు దూరంగా, పరాయి ఇంట్లో ఉంటూ ఆ కుర్రవాడు బడిలో మొదటివాడుగా వచ్చాడు. ఇంజనీరునవుతానని పద్నాలుగో ఏటే ఇంటికి ఉత్తరం రాశాడు.

1875లో మ్యూనిక్ పాలిటెక్నిక్ వారు స్కాలర్‌షిప్పు ఇస్తామన్నారు. చదివింది చాలు, ఇక సంపాదించాలని తల్లిదండ్రుల కోరిక. వాళ్ళను తప్పు పట్టలేం, ఇంట్లో జరుగుబాటు అలా ఉంది. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేను. ఇంటర్ అయ్యాక నన్ను గుంటల మీద కాపలాకు పంపమని మా నాన్నకు సలహా ఇచ్చినవాళ్ళు ఉన్నారు. రుడాల్ఫ్ మాత్రం స్కాలర్‌షిప్పు వదులుకోలేదు. చివరి పరీక్షల సమయంలో టైఫాయిడ్ వచ్చి వెనకబడినా, 1880 జనవరిలో పరీక్ష రాసి అత్యున్నత మార్కులతో నెగ్గాడు.

అక్కడ ఆయనకు పాఠం చెప్పినవాడు కార్ల్ లిండే. మంచు తయారుచేసే యంత్రాలకు పేరుపొందిన ప్రొఫెసరు. ఆవిరి ఇంజనులో బొగ్గు ఇచ్చే వేడిలో పదో వంతు కూడా పనిగా మారదని, మిగిలినదంతా వృథా పోతుందని ఒకరోజు క్లాసులో చెప్పాడు. ఆ మాట రుడాల్ఫ్ మనసులో నాటుకుపోయింది. లిండే కంపెనీలోనే ఉద్యోగం చేస్తూ ఖాళీ సమయంలో అమ్మోనియా ఆవిరితో ఇంజను నడపాలని చూశాడు. అది ఒకసారి పేలి ఆయన నెలల తరబడి ఆసుపత్రి పాలయ్యాడు.

తర్వాత వచ్చిన ఆలోచన ఇది. సైకిలు పంపు గబగబా కొడితే దాని అడుగు భాగం వేడెక్కడం మనందరికీ అనుభవమే. గాలిని అణిచితే వేడి పుడుతుంది. ఇంకా చాలా గట్టిగా, పదిహేను ఇరవయ్యో వంతుకు అణిచితే ఆ గాలి 500 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. సరిగ్గా అప్పుడు అందులోకి నూనె చిమ్మితే నిప్పురవ్వ అక్కర్లేకుండా దానంతట అదే మండుతుంది. పెట్రోలు ఇంజనుకు ఉన్నట్లు స్పార్క్ ప్లగ్గు దీనికి ఉండదు. 1892లో పేటెంటుకు దరఖాస్తు చేశాడు, మరుసటి సంవత్సరం పుస్తకం అచ్చువేశాడు. ఆగ్స్‌బర్గ్ యంత్ర కర్మాగారం, క్రుప్ కంపెనీ డబ్బు పెట్టడానికి ఒప్పుకున్నాయి.

1893 ఆగస్టు 10. కర్మాగారంలోని పెద్ద షాఫ్టుకు బెల్టు వేసి ఇంజనును తిప్పారు. ఆ రోజు వాడింది పెట్రోలు. లోపల నూనె భగ్గుమంది, ఒత్తిడి కొలిచే పరికరం పేలి ముక్కలు ఎగిరాయి. ఒత్తిడి 80 అట్మాస్ఫియర్ల దాకా లేచింది. కానీ ఇంజను తనంతట తాను ఒక్క క్షణం నడవలేదు. చూసినవాళ్ళకు అది ఓటమి. ఆయనకు మాత్రం అణిచిన గాలి నూనెను మండిస్తుందని రుజువైంది. మండుతోంది, మరి నడవదేం? గాలి ఎక్కడ కారిపోతోంది? నూనె ఎంత పడుతోంది, ఎప్పుడు పడుతోంది? ఒక్కొక్కటే మార్చి మార్చి చూశాడు.

మన దగ్గర మెకానిక్కు కూడా ఇదే వరస. సెల్ఫ్ కొడితే ఇంజను తిరుగుతోంది, స్టార్టు కావడం లేదు. అప్పుడు ముందుగా సైలెన్సరు వైపు చూడాలి. పొగ అసలే రాకపోతే నూనె సిలిండరు దాకా పోవడం లేదని గుర్తు. ట్యాంకులో నూనె ఉందా, పంపుకు నూనె ఆపే సోలినాయిడ్ తెరుచుకుందా, ఫిల్టరు మూసుకుపోయిందా, లైనులో గాలి పట్టిందా అని చూస్తారు. గాలి పడితే పాత రకం ఇంజన్లలో ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి, బుడగలు ఆగి నూనె ఒక్క ధారగా వచ్చేదాకా చేతిపంపు కొట్టి బిగిస్తారు. డ్రమ్ముల్లో నిలవ ఉంచిన నూనెలో అడుగున నీరు చేరుతుంది, అదీ తీసివేయాలి. తెల్లపొగ వస్తుంటే నూనె పడుతోంది గాని మండడం లేదు. అంటే వేడి చాలలేదన్న మాట. బ్యాటరీ తగ్గి ఇంజను నెమ్మదిగా తిరిగితే అణిచిన గాలి వేడి నిలవదు, సందుల్లోంచి జారిపోతుంది, గోడలకు తగిలి చల్లబడుతుంది. రింగులు, వాల్వులు అరిగినా అంతే. గ్లో ప్లగ్గులు పోయినా, పంపు టైమింగు తప్పినా ఇదే బాధ. అయితే ఇప్పటి కామన్ రైల్ బండ్లలో పైపులు వదులు చేయకూడదు. ఆ ఒత్తిడికి నూనె ధార చర్మంలోకి దిగిపోతుంది.

ఇది కేవలం బండి సంగతి కాదు. రొయ్యల గుంటలో రాత్రిపూట నీటిలో ఆక్సిజన్ తగ్గుతుంది. కరెంటు పోయి ఏరియేటర్లు ఆగినప్పుడు జనరేటర్ స్టార్టు కాకపోతే తెల్లవారేసరికి రొయ్యలు తేలిపోతాయి, కౌలు రైతు అప్పులో మునుగుతాడు. అందుకే కాపలా మనిషికి ఈ వరస నోటికి వచ్చి ఉండాలి.

మళ్ళీ కథలోకి వద్దాం. 1894 ఫిబ్రవరి 17న ఆ ఇంజను మొదటిసారి తనంతట తాను నడిచింది. ఎంతసేపు? ఒక్క నిమిషం, 88 చుట్లు! బెల్టు లాగుడు మారిపోవడం చూసి, ఇంజనే షాఫ్టును లాగుతోందని గ్రహించిన అక్కడి పనివాడు మౌనంగా టోపీ తీసి నమస్కరించాడని చెబుతారు. ఆ తర్వాత మరో మూడేళ్ళు పట్టింది. 1897 ఫిబ్రవరి 17న ప్రొఫెసర్ ష్రోటర్ పరీక్షించగా, వేడిలో 26.2 శాతం పనిగా మారినట్లు తేలింది. లిండే క్లాసులో విన్న పదో వంతుకు రెండున్నర రెట్లు!

ఇంతటితో కష్టాలు తీరాయనుకుంటాం. కానీ కొన్నవాళ్ళ దగ్గర తొలి ఇంజన్లు మొరాయించాయి, కొన్ని తిరిగి వచ్చాయి. కర్మాగారంలో నేర్పరులు దగ్గరుండి నడపడం వేరు, బయట మామూలు మనిషి నడపడం వేరు. మాట పడలేక, పని ఒత్తిడికి ఆయన ఆరోగ్యం దెబ్బతిని చికిత్సాలయంలో చేరాడు. 1900 పారిస్ ప్రదర్శనలో ఈ ఇంజనుకు గ్రాండ్ ప్రీ బహుమతి వచ్చింది. అక్కడే ఒక చిన్న ఇంజనును వేరుశనగ నూనెతో నడిపి చూపారు. మన ఇంట్లో తాలింపు వేసే నూనే!

డబ్బు బాగా వచ్చింది, అంత బాగానూ పోయింది. స్థలాలు, వాటాలు కొని నష్టపోయాడు. లెక్కల్లో అంత మొనగాడు సొంత లెక్క చూసుకోలేకపోయాడు. 1913 సెప్టెంబరు 29 సాయంత్రం బెల్జియంలోని ఆంట్వెర్ప్‌లో డ్రెస్డెన్ అనే ఓడ ఎక్కాడు, ఇంగ్లండులో ఒక సమావేశానికి. రాత్రి భోజనం చేసి, పొద్దున లేపమని చెప్పి గదికి వెళ్ళాడు. తెల్లవారాక పక్క నలగలేదు, మనిషి లేడు. పది రోజుల తర్వాత ఒక డచ్చి పడవవాళ్ళకు సముద్రంలో శవం కనిపించింది. జేబులోని వస్తువులు మాత్రం తీసుకుని శవాన్ని నీళ్ళకే వదిలారు. కొడుకు ఆ వస్తువులను చూసి తండ్రివేనని గుర్తుపట్టాడు. రకరకాల పుకార్లు పుట్టాయి గాని, అప్పులు చూసి ఆత్మహత్యే అని ఎక్కువమంది చరిత్రకారుల అభిప్రాయం. అప్పటికి ఆయన వయసు 55.

డీజిల్ లారీలు రోడ్ల మీద విరివిగా తిరగడం ఆయన చూడలేదు. ఆయన ఇంజనులో నూనె చిమ్మడానికి గాలిని అణిచే బరువైన పంపు వేరే ఉండేది, అది బండి మీద పట్టేది కాదు. 1920ల మధ్యలో జర్మనీలో డీజిల్ లారీలు వచ్చాయి. 1927లో రాబర్ట్ బాష్ కంపెనీ చిన్న నూనె పంపును పెద్ద ఎత్తున తయారు చేయడం మొదలుపెట్టింది. ఇప్పుడు మెకానిక్ గాలి తీసేది ఆ జాతి పంపుల్లోంచే.