దినదినము దేవుని చేతినుండి: జార్జి ముల్లర్ గారి జీవితము



శతాబ్ది ఉత్సవముల వేళ మన ఆలయములను, పాఠశాలలను చూచి దేవుని స్తుతించుట తగినదే. అయితే ఇట్టి పనులకు పునాదియైన విశ్వాసము ఎట్టి శోధనలలో నిలిచినదో కూడ తలంచుకొనవలెను. అందుకు చక్కని మాదిరి ఇంగ్లండులోని బ్రిస్టల్ పట్టణమున అనాథలకు తండ్రియైన జార్జి ముల్లర్ గారు.

ఆయన 1805 సెప్టెంబరు 27న ప్రష్యా దేశములో జన్మించిరి. చిన్ననాట భక్తిపరులు కారు. తండ్రి వద్దనున్న ప్రభుత్వపు సొమ్మును దొంగిలించిరి. పదునారేండ్ల ప్రాయమున సత్రపు బాకీ చెల్లింపలేక చెరసాల పాలైరి. 1825లో హాలే పట్టణములో చదువుచుండగా ఒక గృహమున జరిగిన ప్రార్థన కూటము ఆయన బ్రతుకును మార్చెను.

1829లో ఇంగ్లండు చేరి, 1830లో మేరీ గ్రోవ్స్ అమ్మగారిని వివాహమాడిరి. ఆమె సోదరుడైన ఆంథోనీ నారిస్ గ్రోవ్స్ గారే 1836లో బౌడెన్, బీర్ దొరలను మన దేశమునకు తోడుకొని వచ్చిరి. నరసాపురము ప్రాంతపు గోదావరి డెల్టా మిషను వారి ప్రయాసఫలమే. వివాహమైన ఆ నెలలోనే ముల్లర్ గారు తమ నిర్ణీత జీతమును విడిచిపెట్టిరి.

1836 ఏప్రిలులో విల్సన్ వీధిలోని అద్దె యింటిలో అనాథ బాలికలకు ఆశ్రయము తెరచిరి. పిల్లల పోషణ ఒక్కటే ఆయన గురి కాదు. ముసలితనములో గతి ఏమని భయపడు విశ్వాసులకు, దేవుడు నేటికిని నమ్మదగినవాడని కన్నులారా చూపవలెనని ఆయన కోరిక. కాబట్టి అప్పు చేయరాదు, కొరతను మనుష్యులకు చెప్పి సహాయము అడుగరాదు, దేవునికే విన్నవించవలెనని తీర్మానించుకొనిరి.

1838లో గొప్ప శోధన వచ్చెను. నెలల తరబడి ఈ పూట గడిచిన మరుపూటకు పైకము లేదు. అప్పుడాయన తోటి పనివారిని మాత్రము పిలిచి స్థితి తెలిపి, వారితో ప్రార్థించిరి. వారు తమ కొద్దిపాటి సొమ్మును, తమకు అక్కరలేని వస్తువులను అమ్మగా వచ్చిన దానిని తెచ్చి యిచ్చిరి. పిల్లలు ఒక్క పూటయైనను పస్తుండలేదు. ఏలీయాను కాకోలములచేత పోషించిన దేవుడు ఇచ్చట ప్రార్థించినవారి చేతులనే వాడుకొనెను.

1857 శీతకాలములో 300 మంది పిల్లలున్న భవనమును వెచ్చజేయు బాయిలరు కారసాగెను. మరమ్మతునకు నిప్పు ఆర్పవలెను. ఉత్తరపు చలిగాలి వీచుచుండెను. దక్షిణపు గాలి కొరకు, పనివారికి పని చేయు మనస్సు కొరకు ఆయన ప్రార్థించిరి. నియమిత దినమున దక్షిణపు గాలి వీచెను. పనివారు రాత్రి సయితము పని చేయుటకు ఇష్టపడిరి.

1870 నాటికి ఆష్లీ డౌనులో ఐదు భవనములు, 2,050 మందికి చోటు ఏర్పడెను. ఆ యేటనే మేరీ అమ్మగారు మరణించిరి. ఆయన విశ్వాసము సడలలేదు. చేతికి వచ్చిన ప్రతి కానుకకు లెక్క వ్రాసిరి. 1898 మార్చి 10న ప్రభువునందు నిద్రించునాటికి 10,000 మందికి పైగా అనాథలు ఆయన నీడలో పెరిగిరి.

ప్రియులారా, మన్నా ఏనాటిది ఆనాటికే కురిసెను. ఇంటిలో నిలువ లేనంత మాత్రమున దేవుడు మనలను విడిచెనని తలంపకుడి. మన తల్లులు వంట వేళ తీసి దాచు పిడికెడు బియ్యము ఏ ఆకలిగొన్న యింటి ప్రార్థనకు జవాబో! అడుగుటకు మోకాళ్లు, ఇచ్చుటకు చేతులు మనకు ఉండును గాక.