కాపురానికి వెళ్ళనన్న అమ్మాయి

దుర్గాబాయి దేశ్‌ముఖ్ అనగానే మా మెదక్ ఆడవాళ్ళలో చాలామందికి గుర్తొచ్చేది హైదరాబాద్ విద్యానగర్‌లో ఆవిడ పేరిట ఉన్న ఆస్పత్రి. కాస్త చరిత్ర చదివినవాళ్ళయితే 1923 కాకినాడ కాంగ్రెస్ సంగతి చెబుతారు. ఖాదీ ఎగ్జిబిషన్ గేటు దగ్గర వాలంటీరుగా నిలబడి, టికెట్ లేదని నెహ్రూగారినే ఆపేసిన పిల్ల కదూ! ముచ్చటైన కథే. కానీ ఆ దరిదాపుల్లోనే ఆవిడ తన ఇంట్లో చేసిన పని అంతకంటే గట్టిదని నాకనిపిస్తుంది.

ఆవిడ 1909లో రాజమండ్రిలో పుట్టింది. ఎనిమిదేళ్ళకే సుబ్బారావు అనే ఆయనకిచ్చి పెళ్ళి చేసేశారు. ఆ వయసులో పెళ్ళంటే ఏం తెలుస్తుంది? పదిహేనేళ్ళు వచ్చి, కాపురానికి పంపే మాట వచ్చేసరికి మాత్రం అంతా తెలిసింది. తాను కాపురానికి రానని, ఇంకొకరిని పెళ్ళి చేసుకోమని ఆయనకే చెప్పేసింది. తండ్రి, తమ్ముడు ఆమె పక్షానే నిలబడ్డారు. ఇది చిన్న విషయం కాదండీ. ఆడపిల్ల వద్దంటే వినే తండ్రి ఈ రోజుల్లోనూ ఎందరికి దొరుకుతాడు?

ఎందుకింతగా చెబుతున్నానంటే, అప్పటి చట్టంలో ఆమెకు ఏ దారీ లేదు. హిందూ వివాహ చట్టం వచ్చింది 1955లో. అంతకుముందు మన ప్రాంతాల్లో చాలామంది హిందూ స్త్రీలకు విడాకులన్న మాటే లేదు. మగవాడు మాత్రం ఒక భార్య ఉండగానే ఇంకొకామెను తెచ్చుకోవచ్చు. భర్త కోర్టుకెక్కితే భార్య కాపురానికి వెళ్ళక తప్పేది కాదు. బొంబాయిలో రఖ్మాబాయి అలా వెళ్ళనన్నందుకు, వెళ్తావా, ఆరు నెలలు జైల్లో ఉంటావా అని 1887లో కోర్టు తేల్చిచెప్పింది. దుర్గాబాయికి ఆ గతి పట్టకపోవడానికి కారణం చట్టం కాదు, ఇంట్లోవాళ్ళ మంచితనం.

తర్వాత ఉప్పు సత్యాగ్రహం, జైళ్ళు. మదురై జైల్లో ఒంటరి గదిలో పెట్టారు, ఆరోగ్యం దెబ్బతింది. బయటికొచ్చాక మెట్రిక్ నుంచి మళ్ళీ మొదలుపెట్టి చదువుకుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆడపిల్లలకు హాస్టల్ లేదంటే, పేపర్లో ప్రకటన వేసి తోటి అమ్మాయిలను పోగుచేసుకుని తానే హాస్టల్ నడిపింది! 1942లో లా పూర్తి చేసి మద్రాసులో ప్లీడరీ మొదలుపెట్టింది. రాజ్యాంగ సభకు వెళ్ళింది. హిందూ కోడ్ బిల్లు మీద పెద్ద పెద్దవాళ్ళు మండిపడుతుంటే ఆవిడ దాని పక్షాన మాట్లాడింది.

1953 ఆవిడ జీవితంలో పెద్ద ఏడాది. జనవరిలో ఆర్థికమంత్రి చింతామణ్ దేశ్‌ముఖ్‌తో రిజిస్టరు పెళ్ళి అయింది, నెహ్రూగారు సాక్షి సంతకం పెట్టారు. గేటు దగ్గర ఆపినందుకు కోపం పెట్టుకోలేదన్నమాట! ఆ ఏడే చైనా వెళ్ళి అక్కడి కుటుంబ న్యాయస్థానాలు చూసొచ్చింది. మనకూ అలాంటివి కావాలని నెహ్రూగారితోను, చాగ్లా, గజేంద్రగడ్కర్ లాంటి జడ్జీలతోను మాట్లాడింది. మొగుడూపెళ్ళాల గొడవలు, పిల్లలు ఎవరి దగ్గర ఉండాలన్న తగువులు, భూమి కేసులతోనూ దొంగతనం కేసులతోనూ కలిపి వినేవి కావని ఆవిడ పట్టు.

1981 మేలో ఆవిడ పోయింది. కుటుంబ న్యాయస్థానాల చట్టం 1984లో వచ్చింది. ఆవిడ అడిగాక ముప్పై ఒక్క ఏళ్ళకు! ముందు రాజీకి ప్రయత్నించాలని, ఎవరైనా కోరితే తలుపులు మూసి విచారించాలని, కోర్టు ఒప్పుకుంటే తప్ప ప్లీడరు లేకుండానే నడవాలని అందులో ఉంది.

ఒక మెలిక కూడా ఉంది. పది లక్షలు దాటిన నగరాల్లో ఈ కోర్టు పెట్టి తీరాలి. మాలాంటి ఊళ్ళకు ప్రభుత్వం అవసరమనుకుంటేనే. జిల్లా పేరు మెదక్ అయినా, 2016లో కొత్త జిల్లాలు వచ్చేదాకా జిల్లా కేంద్రం సంగారెడ్డే. పెద్ద పనేదున్నా చంకలో పిల్లను వేసుకుని అక్కడికే బస్సెక్కాల్సి వచ్చేది.